నాలుగు రోజులు

న్యూపోర్ట్‌లో, అస్క్ నది పక్కన,
పోటు తీశాక బురద మాత్రమే మిగిలే కిటికీ దగ్గర
నా బల్ల.
వచ్చిన ప్రతి కాగితానికీ తారీఖు కొట్టడం నా పని,
పందొమ్మిదేళ్లుగా.
ఈ ట్రైబ్యునల్లో నేను పలికే మాట అదొక్కటే:
టక్.

ఆ సాయంత్రం నాలుగూ నలభైకి
తడిసిన గొడుగుతో లాయరు గుమస్తా పరుగెత్తుకొచ్చింది.
కవరులో ఒకే ఒక్క చీటీ,
అదిగ్రాత్ ఆసుపత్రి రిజిస్టరులోంచి చింపిన పుట.
ఫోన్లు మూగబోయి, టపా ఆగిపోయి,
బ్యాంకులు మూతపడ్డ ఊళ్లో
సిస్టర్ అబ్రెహెత్ దాన్ని
పిండి డబ్బా అడుగున దాచిందట.
ఎవరి పసిబిడ్డ పొత్తిళ్లలోనో రెండు చెక్‌పోస్టులు దాటిందట.
ఆడిస్ అబాబాలో కొరియరు డబ్బుల కోసం
తొమ్మిది వారాలు పడి ఉందట.
మడతల్లోంచి ఇంకా పిండి రాలుతోంది.

దాని మీద తారీఖు: హిదార్, 2013.
ఇక్కడి క్యాలెండరుకి ఏడేళ్లు వెనక నడుస్తుంది
వాళ్ల పంచాంగం.
ఏడేళ్లు ముందే వచ్చినట్టు కనబడే కాగితం
గడువుకి నాలుగు రోజులు ఆలస్యం.

ఒక మాట ఒప్పుకోవాలి.
కొట్టే ముందు నా బొటనవేలు
ముద్ర మీది బుల్లి చక్రాన్ని వెనక్కి తిప్పింది.
పదహారు, పదిహేను, పధ్నాలుగు, పదమూడు, పన్నెండు.
మళ్లీ ముందుకి తిప్పింది.
ముందుకి తిప్పింది ధర్మమో, పింఛను భయమో
ఇప్పటికీ తెలీదు.
టక్.

మర్నాడు మూడో గదిలో
హోం ఆఫీసు కుర్రాడు లేచాడు.
గడువు దాటింది, తారీఖే తప్పు,
2013లో అక్కడ యుద్ధమెక్కడిది, అన్నాడు.
చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని
అతని మాటల సారం.
హఫ్తోమ్ తన చేతుల్ని బల్ల కిందికి లాక్కున్నాడు.
ఆ చీటీ కాలిన చేతుల గురించే.
కాలకముందు
ఏ నర్సు రాస్తుంది?

అదే కుర్రాడు, అదే పొద్దున,
ఆ దేశం కుదుటపడిందని
నలభై ఆరు పుటల నివేదిక ఇచ్చాడు.
దానికీ నేనే కొట్టాను, తొమ్మిదీ పదికి.
ఉపయోగపడుతుంది లెండి, అని
జడ్జి ప్రోథెరో తీసుకున్నారు.
చదువుకోడానికి అవతలి పక్షానికి అరగంట.
వరండాలో, కాఫీ మిషను రొదలో,
దుబాసీ లెతె గుసగుసగా తిగ్రిన్యాలోకి మారుస్తూ
పదకొండో పుటలో ఉండగా
నేను వెళ్లి పిలిచాను.
పిలవడమూ నా పనే.

ఆలస్యం ఎందుకైందని
హఫ్తోమ్‌ని ఏడుసార్లు అడిగారు.
కుర్రాణ్ణి అడగలేదు.
చీటీ తీసుకోలేదు. అప్పీలు కొట్టేశారు.

పదకొండు నెలలకి
పై ట్రైబ్యునల్ నుంచి ఫైలు తిరిగొచ్చింది.
ఆరు పేరాలు.
ఒకే త్రాసుకి రెండు రకాల రాళ్లు వాడకూడదని,
ఇంకో జడ్జి మళ్లీ మొదట్నుంచి వినాలని.
అన్నిటికన్నా పైన ఆ చీటీ.
ఒక్క అక్షరం మారలేదు.
పిండి రాలడం మాత్రం ఆగింది.
మూలన నా ముద్ర, ఊదా రంగులో.

కొత్త తారీఖు కోసం హఫ్తోమ్ వచ్చాడు.
చెవుల దగ్గర నెరిసింది.
ఇక్కడ సంతకం, అని చూపించాను.
కౌంటరు మీద చేతులు పెట్టాడు, మొదటిసారి.
వేళ్లు ముడుచుకోవు.
రెండరచేతుల మధ్య పెన్ను ఇరికించుకుని రాశాడు.
సంతకం గీత దాటి కిందికి జారింది.
పర్లేదన్నాను.
అతను గోడ గడియారం కేసి చూశాడు.
అది ఏడు నిమిషాలు వెనక.
మూడుసార్లు ఫిర్యాదు రాశాను,
ఎవరూ రాలేదు.