నలగని పత్రిక

తాంపెరెలో చలికాలం
మూడున్నరకే పొద్దు గుంకుతుంది.
ట్రాము దిగి నాలుగడుగులు వేస్తే
చేపల కొట్టుకీ పళ్ళ డాక్టరుకీ నడుమ
మా పేట లైబ్రరీ.
తలుపు తీయగానే తడి ఉన్ని వాసన.
రేడియేటరు మీద ఆరుతున్న చేతితొడుగులు,
సగానికి జోడీ లేదు.

నా పని చిన్నది.
జనం తిరిగిచ్చిన పుస్తకాల్ని
వాటి చోట్లో పెట్టడం.
ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపిన చేతులకి
ఇదేం కొత్త కాదు,
ఎవరు దిగాల్సిన చోట వాళ్ళని దించడమే.

పేజీల మధ్య ఏమేం దొరుకుతాయంటారా?
ఉల్లిపొర. మందుల చీటీ.
కాగితంలో చుట్టిన పాలపన్ను.
ఒకసారి, సగం రాసి ఆపిన రాజీనామా.
అన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచాను.
పన్ను కోసం ఒక తల్లి పరిగెత్తుకొచ్చింది.
రాజీనామా కోసం
ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

మంగళ, గురువారాలు కుట్టుమిషను దగ్గర హోదన్.
మిషను లైబ్రరీది, ఓపిక ఆమెది.
ఎవరి పరదా చిరిగినా ఎవరి జిప్పు ఊడినా
డబ్బు పుచ్చుకోదు.
"నా భాషలో ఒక్క మాట నేర్చుకుని పో" అంటుంది.
అలా మా పేటలో సగం మందికి
సోమాలీలో సూదిని ఇర్బద్ అంటారని తెలుసు.
ఇంకేమీ తెలియదు.
మెట్ల కింద ఒస్సి లెక్కలు చేసుకుంటాడు,
ఇంట్లో చంటిపిల్ల ఏడుపు పడలేక.

కిటికీ పక్క కుర్చీ తైస్తోది.
రాసివ్వలేదెవరూ, అయినా అతనిదే.
పొద్దున్నే కర్రకి బిగించిన పత్రిక దించి
గళ్ళ నుడికట్టు పెన్సిలుతో పూరిస్తాడు.
రాయకూడదు. గోడ మీద బోర్డుంది.
సాయంత్రం రైయా, మా లైబ్రేరియన్,
గడి గడీ రబ్బరుతో తుడుస్తుంది.
రెండేళ్ళు. ఒక్క మాట లేదు ఇద్దరి మధ్యా.
పెన్సిలూ అరిగింది, రబ్బరూ అరిగింది,
పంతాలే అరగలేదు.

జనవరిలో ఒక బుధవారం
పత్రిక నలగలేదు.
గురువారమూ అంతే.
చేతిలో రబ్బరు పట్టుకుని
తుడవడానికేమీ లేక
రైయా చాలాసేపు అలాగే నిలబడింది.
తర్వాత కంప్యూటరులో ఏదో చూసి, కోటు తొడుక్కుని,
ఎవరితోనో కాదన్నట్టు అంది:
"పాఠకుల చిరునామా ఎవరికీ చెప్పకూడదు. నియమం.
కాస్త బయటికి వెళ్తున్నా.
నా వెనక ఎవరు నడుస్తున్నారో
నాకు కనిపించదు."

హోదన్ లేచింది, సూది చేతిపట్టీకి గుచ్చి.
ఒస్సి లేచాడు.
గుమ్మం దగ్గరి మంచు పార భుజాన వేసుకుని నేను.
ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను.

మూడో అంతస్తు. గంట కొట్టాం. పలుకు లేదు.
రైయా మోకాళ్ళ మీద కూర్చుని
తలుపుకున్న ఉత్తరాల రేకు పైకెత్తి
చీకట్లోకి పేరు పెట్టి పిలిచింది.
చాలాసేపటికి
నేలమట్టం నుంచి వచ్చింది గొంతు:
"ఎవరది?"

"రబ్బరు" అంది రైయా.

లోపల, నొప్పిలోనే,
ముసలాయన నవ్విన చప్పుడు.
తర్వాత అంబులెన్సు, విరిగిన తుంటి, ఫారాలు,
అవన్నీ ఎక్కడైనా ఒకటే.

ఆ చలికాలమంతా
నుడికట్టు మీద తలో చెయ్యీ పడింది.
ఒస్సి నిలువు వరసలు, పళ్ళ డాక్టరు అడ్డం వరసలు.
నేను నదుల పేర్లన్నీ తప్పు రాశాను.
అయిదు గళ్ళు ఖాళీ కనపడ్డ ప్రతి చోటా
హోదన్ ఇర్బద్ అని నింపేసింది.
రైయా ఏదీ తుడవలేదు.
బోర్డు మాత్రం గోడ మీదే ఉంది.

ఏప్రిల్లో, చూరు మంచు బొట్లు బొట్లుగా కారుతుండగా
నడక చట్రం తోసుకుంటూ తైస్తో వచ్చాడు.
కుర్చీ అతని కోసం ఖాళీగా ఉంది.
పత్రిక దించి, మేం అప్పటికే పూరించిన గళ్ళన్నీ
పైనుంచి కింది దాకా చదివాడు.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
మళ్ళీ చదివాడు.

తర్వాత తల తిప్పకుండానే
రైయా వైపు చెయ్యి చాపాడు,
రబ్బరు కోసం.