తినేవాళ్ళు

ఆల్డర్‌షాట్ దాటాక బ్లాక్‌వాటర్ ఏరు
పెద్ద ఏరేం కాదు.
రెండు కార్ పార్కుల మధ్య నుంచి, మోటర్‌వే కింద నుంచి
ఎవరికీ అడ్డం రాకుండా నడిచిపోయే నీళ్ళు.

ఆగస్టు మొదటి శనివారం.
మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతులకి తొడుగులు.
రిటైరైన పోస్ట్‌మాన్ కీత్ చూపిస్తున్నాడు:
"మొదట్లో పట్టుకో. నిటారుగా లాగు.
మొదటి కణుపు కింద విరిచెయ్.
నేలమీద పడేయకు, మళ్ళీ వేళ్ళూనుకుంటుంది."

నాకంటే మూరెడు ఎత్తుంది మొక్క.
లాగితే పట్టే లేదు,
అరటిపండు తొక్క ఊడినంత సులువుగా వచ్చేసింది.
ఇంత ఎత్తుకి ఇంతేనా వేరు!
కాడ గుల్ల. విరిస్తే కీరదోస చప్పుడు.
పువ్వుని దగ్గరగా చూసి గుర్తుపట్టాను,
చిలకగోరింట.
కాదు, చిలకగోరింటకి పెద్దక్క.
మంచుకొండల్లో పుట్టి, ఎవరో దొరగారి పూలకుండీ కోసం ఓడెక్కి
కుండీ దాటి, గోడ దాటి
ఏరు పట్టుకుని దేశమంతా దిగిన అక్క.

మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు.
వలస, పరాయి నేల, పీకి పారెయ్యడం...
పోలిక చేతికందేంత కిందికే వేలాడుతోంది.
నేను కొయ్యను.
మొక్క మొక్కే. దానికి పాస్‌పోర్టు లేదు, బెంగ లేదు.
దాని నీడలో ఇక్కడి గడ్డి చస్తుంది,
చలికాలం అది వాడిపోయాక ఒడ్డు బోడిదై వరదలో కరిగిపోతుంది.
అదీ నిజమే. నేను పీకడానికే వచ్చాను.

తేనెటీగ ఒకటి పువ్వులోకి దూరి
వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చింది,
వీపు మీద ముగ్గుపిండితో గీసినట్టు తెల్లటి గీత.
"దెయ్యం ఈగలు అంటాం" అన్నాడు కీత్.
ఈ నెలంతా ఊళ్ళో తేనెపెట్టెలకి
సాయంత్రమైతే దెయ్యాలే ఇంటికొస్తాయట.

నా పక్క వరసలో మన్‌మాయా గురుంగ్.
గూర్ఖా పల్టన్ హవల్దారు భార్య. ఇప్పుడు ఆయన లేడు.
డెబ్భై నాలుగేళ్ళు. తొడుగులు వేసుకోదు.
నా హిందీ ఒక వంకర, ఆమె హిందీ ఇంకో వంకర,
రెండూ కలిస్తే ఎలాగో దారి తేలింది.

మా లమ్‌జుంగ్ పైన, గొర్రెలు మేపే ఎత్తుల్లో
వానాకాలమంతా ఇదే పువ్వు, అంది.
ఎవరూ పీకరు. ఎందుకు పీకుతారు?
ఆకుని పురుగు తింటుంది, కాడని తుప్పు తెగులు తింటుంది,
లేతప్పుడు గొర్రె కొరుకుతుంది.
డాఫే కోడి, ఆ తొమ్మిది రంగుల పిట్ట,
దుంపల కోసం మొదళ్ళన్నీ కెలికి పోతుంది.
తెల్లారి చూస్తే ఎలుగుబంటి దొర్లినంత మేర
చాప పరిచినట్టు పడుంటుంది.
అయినా వచ్చే ఏటికి మళ్ళీ పూస్తుంది,
నడుం ఎత్తుకి మించదు.

ఇక్కడ మొదటిసారి దీన్ని చూసి భయపడిందట.
"చిన్నప్పటి స్నేహితురాలు
తాటిచెట్టంతై ఎదురొస్తే ఎలా ఉంటుంది?"

అప్పుడు అర్థమైంది.
ఓడెక్కినప్పుడు అది గింజలు తెచ్చుకుంది,
తనని తినేవాళ్ళని తెచ్చుకోలేదు.
అడ్డుపడే నోరు ఒక్కటీ లేని చోట
మెత్తటి పువ్వు కూడా ఇలాగే తయారవుతుంది.

(ఆ తుప్పు తెగుల్నీ ఈమధ్య కొండల నుంచి పిలిపించారట.
గాజు గదుల్లో పరీక్షలు పెట్టి, సంతకాలు చేసి, ఒడ్ల మీద వదిలారట.
కొన్నిచోట్ల పట్టింది.
కొన్నిచోట్ల ఊరు నచ్చక చచ్చిపోయింది.)

మధ్యాహ్నానికి ముందు పూసినవాటి కాయలు ఎండకి బిగుసుకున్నాయి.
వేలు తగిలితే చాలు, టప్!
తొనలు చుట్టుకుపోయి గింజలొచ్చి నా కళ్ళద్దాలని కొట్టాయి.
కీత్ తిట్టాడు, కాయనో నన్నో.
మన్‌మాయా మాత్రం గుప్పిట మూసి పేలుస్తుంది,
పసిపిల్ల తుమ్ముకి చెయ్యి అడ్డం పెట్టినట్టు.
ఒక్క గింజ కింద పడదు.
నడుంకి చుట్టిన పటుకా మడతలో నల్లగా అన్నీ.

"ఇంటికి తీసికెళ్ళకూడదు, రూలు" అన్నాడు కీత్.
"ఇంటికి కాదు, పెనం మీదికి" అంది.
వేగిన గింజ మొలవదు.
ఆయన ఒప్పుకున్నాడు, సగం.

సాయంత్రం మూడో అంతస్తు వంటింట్లో
గింజలు చిటపటమన్నాయి. వాసన నువ్వులకి దగ్గరి చుట్టం.
కాల్చిన టమాటా, ఎండుమిరప,
నాలుక తిమ్మిరెక్కించే టిమ్మూర్.
రోట్లో నేను నూరాను,
ఆ పని నాకెవరూ నేర్పక్కర్లేదు.

"ఇక్కడ దీన్ని తినేవాళ్ళు లేరనేగా గొడవ" అంది
అన్నం మీద పచ్చడి వేస్తూ.
"కూర్చో."