రంభ దగ్గర లెక్క

జనవరి, తెల్లారగట్ట. ఇంజను ఆపేశాం.
పడవ అడుగున నీళ్ళ సడి కూడా అణిగేదాకా
మాట్లాడొద్దన్నాడు బెహెరా బాబు.
ఒళ్ళో కాగితం, దాని మీద ఒడియాలో గళ్ళు:
ఖేరాలు ఎన్ని, పిల్లలెన్ని, ఎన్ని గంటలకి.
గద్దకి గడి లేదు.

అది మాత్రం మాకంటే ముందే వచ్చింది.
రొయ్యల వలకట్టు గుంజ మీద కూచుని
చిలికా మొత్తాన్ని ఒక్క కంటితో తాగుతోంది.
ఆ చూపు ముందు నీళ్ళకి ఒంటి మీద బట్టల్లేవు.

కింద, ఆ బురదలో,
ఖేరాకి కళ్ళు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.
టిక్కు టిక్కుమని అడుగుతూ పోతుంది,
అడిగిన ప్రతిదీ తిరిగి పలుకుతుంది,
చేప, గుంజ, మా పడవ పొట్ట,
తాత కడుపులో చద్దన్నం కూడానేమో.

తాతకి రెండు కళ్ళలోనూ పొర.
మైలపల్లి దానయ్య, ఎనభయ్యో, ఎనభై రెండో.
పడవ నడిపేది నేనైనా
రోజుకూలి ఇంకా ఆయన పేరు మీదే.

ఫ్హూ.
నిద్రలో పాప ఊపిరి వదిలినంత.
బెహెరా బాబు తల తిప్పేసరికి నీళ్ళు మూసుకుపోయాయి.
మళ్ళీ రెండు బూడిదరంగు నుదుళ్ళు లేచాయి,
ఏదో మరిచిపోయి వెనక్కొచ్చిన ముసలమ్మల్లా.
"దుయిటా" అంటూ రాసుకున్నాడు.
"మూడు" అన్నాడు తాత. "మూడోది పిల్ల. దాని ఊపిరి పొట్టి."
ఒడియాలోకి మార్చి చెప్పాను.
వినపడింది లెక్కకి రాదట.

అప్పుడే గుంజ ఖాళీ అయింది.
కాళ్ళు ముందుకి చాచి పడింది గద్ద.
ఖేరా ఊపిరికి పైకొచ్చిన చోటే
ఇది కూటికి కిందికొచ్చింది.
రెక్కలు తడిసి బరువై
మునుగుతుందనే అనుకున్నా.
లేచింది. ఒళ్ళు విదిలించింది.
గోళ్ళలో జానెడు కొయ్యింగ తళుక్కుమంది.
బెహెరా బాబు ఫోనెత్తి ఫొటో తీసుకున్నాడు.

"ఏటి పట్టింది?"
"కొయ్యింగ."
"తల ముందుకా, తోక ముందుకా?"
అది అప్పటికే పాలూరు కొండ వైపు చుక్కైపోయింది.
"గాలికెదురు తలే పెడతాది. కళ్ళున్నోడివి, సూడ్లేదేటి?"

సాయంత్రం రేవులో
వేలిముద్ర ఆయనది, పక్కన సాక్షి సంతకం నాది.
పిల్లల గడిలో సున్నా.
ఆ సున్నా పక్కన పెన్ను ఆనించి ఊరికే ఉంచాను,
ఇంకు ఊరి చిన్న చుక్కైంది.
తుడవలేదు.