తరుగు

చుట్టుగుంట దాటితే చాలు
కొత్తవాళ్ళకి తుమ్మొస్తుంది.
మాకు రాదు.
జిరాక్సు షాపు మీద రెండో అంతస్తు మా ఆఫీసు,
కిటికీ మూసినా మిరప ఘాటు
కీబోర్డు సందుల్లో కూర్చునే ఉంటుంది.

యార్డులో బిల్లు కొట్టే ప్రోగ్రాము మాది.
టిక్కీ దించినప్పటి నుంచి లారీ కదిలేదాకా
ప్రతి కిలోకీ ఒక వరుస.
ఫిబ్రవరి వచ్చిందంటే ఊపిరాడదు.
తూకంలో తప్పని పొద్దున ఏడింటికే ఫోను,
కోల్డ్ స్టోరేజీ రసీదేమో సగంలో ఉంటుంది.

మునుపు ఒకటే ఫోల్డరు.
ఒక పని మధ్యలో ఇంకోటి వచ్చిపడితే
చేస్తున్నది చేస్తున్నట్టే స్టాష్‌లో కుక్కి
కొత్త బ్రాంచికి గెంతేదాన్ని.
పదకొండు రోజుల తర్వాత ఒకసారి దొరికింది
నా సగం వాక్యం,
పరుపు కింద నోటులా మడతపడి.

ఇప్పుడు వర్క్‌ట్రీలు.
వేరు ఒకటే, ఫోల్డర్లు నాలుగు.
తూకం తూకం దగ్గరే ఉంటుంది,
రసీదు రసీదు దగ్గరే,
నేనే ఆ కిటికీ నుంచి ఈ కిటికీకి
కుర్చీ కదలకుండా నడుస్తాను.
షరతు ఒక్కటే,
ఒకే బ్రాంచిని రెండు చోట్ల తెరవనివ్వదు.
అది అక్కడ తెరిచే ఉంది కదండీ అంటుంది,
బ్యాంకు గుమస్తా మర్యాదతో.

చూపిస్తే పిన్ని నవ్వింది.
సువార్త పిన్ని. ఇరవై రెండేళ్ళు తొడాలు తీసిన చేతులు.
ముందు ఒక గుట్ట, ఎడమకి తాలు, కుడికి ఎరుపు,
తొడాలు వెనక్కి.
కళ్ళు కబుర్లలో ఉన్నా
చెయ్యి గుట్ట తప్పేది కాదట.
"ఎప్పుడు తప్పేదంటే" అంది,
"ఇద్దరం ఒకే గుట్టలో చెయ్యి పెట్టినప్పుడు."

బుధవారం అదే జరిగింది.
బాజీ తన బ్రాంచిని మెయిన్‌లో కలిపేశాడు,
మెయిన్‌ని నాలోకి లాగబోతే
ఎర్రగా ఆగిపోయింది.
ఏడు బాణాలు ఎడమకి, ఏడు బాణాలు కుడికి.
పైన నాది: తరుగు, టిక్కీకి ఒక కిలో.
కింద బాజీది: తరుగు, టిక్కీకి రెండు.
మధ్యలో ఏడు సమానం గుర్తులు,
దేన్నీ దేనితోనూ సమానం చేయలేనివి.

యార్డులో పున్నారావు గారికి ఫోను చేశాం.
అటుపక్క హమాలీల కేకలు, ఎవరిదో తెగని దగ్గు.
"కాగితం మీద ఒకటేనమ్మా" అన్నాడు.
కాస్త ఆగి, "కాటా మీద రెండు."
మరి మేమేది రాయాలి?
"అది మీ కంప్యూటరుకే తెలియాల గదా" అని పెట్టేశాడు.

బాజీ నావైపు చూడలేదు.
వాళ్ళ నాన్నకి పెదనందిపాడు దగ్గర ఎకరంన్నర కౌలు.
ఆ రెండో కిలో ఎవరి ఇంట్లోంచి పోతుందో
నాకన్నా అతనికే తెలుసు.
అయినా రెండని రాసింది అతనే.
"జరిగేది రాశా" అన్నాడు.
నేను రూలు కాగితం చూసి రాశాను.
రెండూ ఏ తప్పూ చూపకుండా నడుస్తాయి, అదే తంటా.

టీ రెండుసార్లు చల్లారాక
ఒక గడిని రెండు చేశాం:
రూలు తరుగు, తీసిన తరుగు.
పక్కనే తేడా అచ్చవుతుంది.
కమిట్ సందేశం బాజీ కొట్టాడు,
"తేడా కనపడాలి", అంతే.
షావుకారు చూసి ఏమంటాడో సోమవారం తెలుస్తుంది.

నాలుగో ఫోల్డరు సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఎవరూ అడగని బ్రాంచి అది.
తొడాలు తీసేవాళ్ళ పట్టిక:
పేరు, కిలోలు, కూలి,
కళ్ళు మండిన రోజున సెలవు.
ఇంకా నడవదు, సగం వరుసల కింద ఎర్ర గీతలే.
పరీక్షకని మొదటి వరుసలో
పిన్ని పేరు పెట్టాను.

రాత్రి డిస్కు నిండిందంటే
పాతవి ఊడుస్తూ దాన్నీ తీసేయమన్నాను.
కమిట్ చేయని మార్పులున్నాయి, తీయనంది.
బలవంతానికి ఒక మాట ఉంది,
రెండు గీతలు, ఐదక్షరాలు.
కొట్టాను. చూస్తూ కూర్చున్నాను.
చివరినుంచి ఒక్కో అక్షరం చెరిపి
లేచి కిటికీ తీశాను.

తుమ్మొచ్చింది.