కిటికీ తూకం

ఈ కిటికీ తెరుచుకోదని
ఇల్లు అమ్మినవాడు చెప్పలేదు.
నేనూ అడగలేదు. ఆ రోజు నా చూపంతా
సంతకం పెట్టాల్సిన గీత మీదే.

హడర్స్‌ఫీల్డ్‌లో రాతి ఇళ్ల వరస, చివరి నుంచి రెండోది.
మిల్లు పొగ తాగి తాగి గోడలు నల్లబడ్డాయి.
వానకి ఇక్కడ వేళాపాళా లేదు,
అందుకే ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను,
రాత్రి బేకరీ షిఫ్టు దిగి వచ్చి
చేతుల్లో పిండి వాసన ఇంకా పోకముందే.

ముందు రంగు.
చట్రాన్నీ రెక్కనీ కలిపి అతికించేసిన ఏడు పొరలు:
తెలుపు, మీగడ, మళ్లీ తెలుపు,
మధ్యలో ఒక ఏడుపుగొట్టు ఆకుపచ్చ.
పాత రంగులో సీసం ఉంటుంది, పొడిగా గీకకు లినెట్,
తడిపి తియ్యమని
పక్కింటి బూత్‌రాయిడ్ గోడ మీంచి అరిచాడు.
మగ్గాల మరలు బిగించి రిటైరైన మనిషి.
సలహా ఇస్తాడు, నిచ్చెన మాత్రం ఇవ్వడు.

బ్లేడు దూర్చి నాలుగు వైపులా కోసి
అరచేత్తో కింద నుంచి ఒక్కటిచ్చాను.
రెక్క మూలిగింది. జానెడు లేచింది.
చెయ్యి తియ్యగానే ధడేలున దిగింది
నా బొటనవేలి మీద.
నోట్లోంచి ఊడిపడ్డ తిట్టు
చర్చికి వెళ్తున్నవాళ్లు వినే ఉంటారు.

ఈ రకం కిటికీల కిటుకంతా గోడలో ఉంటుంది.
రెక్క పైకి వెళ్లాలంటే
లోపల, ఎవరికీ కనపడకుండా, ఏదో ఒకటి కిందికి దిగాలి.
నూతి గిలకలాంటి గిలక, దాని మీంచి తాడు,
తాడు చివర ఇనప గుండు.
ఇటొకటి, అటొకటి.

ఎడమ పక్క చెక్క ఊడదీశాను: గుండు ఉంది,
తుప్పు పట్టి, బుద్ధిగా.
కుడి పక్క చెయ్యి పెట్టాను:
సాలెగూడు, ఎండిపోయిన కందిరీగ, చొక్కా బొత్తాం,
తర్వాత చల్లగా ఒక పిడి.

లాగితే ఇస్త్రీపెట్టె.
పొయ్యి మీద కాల్చి కాలర్లు నలిపే చిన్నది, పోత ఇనుము.
పిడికి బట్టల తాడు, మూడు ముళ్లు,
నడుముకి తీగతో చుట్టిన గొళ్లెం ముక్క, రెండు నట్లు.
ఇంకో చుట్టు ఖాళీ,
అక్కడున్నదేదో ఎప్పుడో జారిపోయింది.

ఎవరో ఇక్కడే, ఇదే పలక మీద, మోకాళ్ల మీద కూర్చుని
గుండు కొనడానికి చేతిలో లేకో, కొట్టు మూసేశారో,
ఇల్లంతా వెతికి వెతికి
చివరికి ఇస్త్రీ మానేశారు.

వంటింటి కాటాలో రెండూ తూచాను.
కుడిది మూడువందల గ్రాములు తక్కువ.
మూడువందలంటే నాకు కాటా అక్కర్లేదు,
రాత్రంతా నా చెయ్యి కొలిచేది అదే, ముద్ద తర్వాత ముద్ద.

లేచి వెళ్లి టీ డబ్బా తెచ్చాను.
అందులో తాళంచెవులు.
లీడ్స్‌లో రెండు గదులు, హాలిఫాక్స్‌లో నేలమాళిగ,
డ్యూస్‌బరీలో చేపల వేపుడు కొట్టు మీది వాటా,
పద్దెనిమిదేళ్లలో తొమ్మిది అద్దె ఇళ్లు.
ఒక్క గోడకీ మేకు కొట్టనివ్వలేదు.
అడ్వాన్సు వాళ్లు తిరిగివ్వలేదు,
మారుతాళాలు నేను తిరిగివ్వలేదు.
చెల్లుకి చెల్లు.

ఇరవై ఆరు తాళంచెవులు, మూడువందల పన్నెండు గ్రాములు.
పన్నెండు ఎక్కువైతే కిటికీ ఏమీ అనుకోదు.

ఖాళీ చుట్టులోకి గుత్తి ఎక్కించి తీగ మెలేశాను.
కొత్త నూలు తాడు, గిలకకి కొవ్వొత్తి మైనం.
'నాలుగు పౌన్లు పారేస్తే అసలు గుండే వస్తుంది కదా'
అన్నాడు బూత్‌రాయిడ్,
ఈలోగా నిచ్చెనతో సహా లోపలికొచ్చేసి.
పని అయిపోయాక.

రెండు వేళ్లు ఆనించాను, అంతే.
రెక్క పైకి వెళ్తుంటే
గోడలోపల గలగలమంటూ
తొమ్మిది ఇళ్లు కిందికి దిగాయి.

వాన లోపలికి కొడుతోంది. దించేశాను.
కాసేపాగి
మళ్లీ ఎత్తాను.