ఎనిమిదో మెట్టు

ఫాల్ రివర్ నగరపాలక సంస్థ వారు
మా వెనక తలుపుకి నారింజరంగు కాగితం అంటించి పోయారు.
నాలుగు వైపులా టేపు వేసి,
వానకి ఊడకుండా, ఎంతో శ్రద్ధగా.

ఫిర్యాదు ఎవరు చేశారో అందులో లేదు.
పక్కింటి కిటికీ తెర మాత్రం
ఆ వారమంతా మూసే ఉంది.

మంగళవారం తనిఖీకి థీబో వచ్చాడు.
వంగితే ఒక మూలుగు, లేస్తే ఒక మూలుగు.
కొలత టేపు, రసమట్టం, అట్టకి బిగించిన కాగితాలు,
సంచిలోంచి తీసిన నల్ల బంతి ఒకటి.
నాలుగు అంగుళాల బంతి.
మెట్ల పక్క కటకటాల సందులో పెట్టి తోశాడు.
అది దూరిపోయి
అవతల నా కేల్ మడిలో పడి దొర్లింది.

"పసిపిల్ల తల ఇంతుంటుందమ్మా"
అన్నాడు, ఆ తప్పేదో తనదే అయినట్టు.

మా ఫిలొమెనా రెండేళ్ళప్పుడు
సరిగ్గా ఆ సందులోనే తల ఇరికించుకుంది.
సబ్బుబిళ్ళ, గిన్నెడు ఆలివ్ నూనె, నలుగురు మనుషులు,
పూజ నుంచి తిరిగొస్తూ ఆగిన ఫాదర్ గారి సలహాలు.
అదంతా థీబోకి చెప్పలేదు.
బంతి ఏరి, మన్ను తుడిచి ఇచ్చాను.

నేలమాళిగలో రెండో పొయ్యి, అనుమతి లేదు.
గొట్టం పక్కనే కరెంటు తీగ, అనుమతి లేదు.
రాస్తూ పోయాడు. నేను తలూపుతూ పోయాను.

ఎనిమిదో మెట్టు దగ్గర ఆగాడు.
మిగతావన్నీ ఏడున్నర అంగుళాలు, ఇది ఆరు.
మళ్ళీ కొలిచాడు. ఆరే.
రసమట్టం పెట్టాడు.
బుడగ నడిమధ్యన కదలకుండా నిలబడింది.
"ఇంత పనితనం ఉన్నవాడు
ఇక్కడెలా పొరబడ్డాడు?"

ఎవరిష్టు పొరబడలేదు.
కుడి మోకాలిని నూలుమిల్లులో వదిలేసి వచ్చిన మనిషి.
ఏడు మెట్లు ఎలాగో మోసేది ఆ కాలు,
ఎనిమిదో దానికి మొండికేసేది.
అందుకే దాన్నొకదాన్ని కిందికి దించి కట్టుకున్నాడు.
పెన్సిల్ చెవి మీద పెట్టుకుని
"వాళ్ళ పుస్తకంలో నా కాలు లేదు, డియోలిండా" అన్నాడు.
ఆయన ఈ మెట్ల మీద పడలేదు, ఒక్కసారి కూడా.
పోయింది ఆస్పత్రిలో,
లిఫ్టున్న భవనంలో,
అనుమతులన్నీ ఉన్నచోట.

ముప్పై రోజులు గడువు. ఆ తర్వాత రోజుకింత జరిమానా.
దరఖాస్తులో అడిగారు, కట్టిన వారి లైసెన్సు సంఖ్య.
'వడ్రంగి, సావో మిగెల్ దీవి' అని రాశాను.
కౌంటర్లో అమ్మాయి దాన్ని కొట్టేసి
'లేదు' అని రాసింది. చక్కటి దస్తూరి.

లైసెన్సున్న కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు.
ఒక్క పూటలో అంతా పీకేశారు.
మేకులు మాత్రం అంత సులువుగా రాలేదు.
ఒక్కోటీ కీచుమంటూ, వంకర్లు పోతూ వచ్చింది.
కుర్రాడు "ఎవరు కొట్టారో గానీ" అని
సగంలో ఆపి, నా వైపు చూసి, నీళ్ళు తాగాడు.

కొత్తవి పదమూడు మెట్లు, కవల పిల్లల్లా.
థీబో మళ్ళీ వచ్చాడు. బంతి తోశాడు, దూరలేదు.
నేలమాళిగ తలుపు దగ్గర ముక్కు ఎగబీల్చాడు.
పొయ్యికి నేను కట్టిన పూల దుప్పటి వైపు
చాలాసేపే చూశాడు.
"సూప్ మాడుతోందేమో చూసుకోండి" అని సంతకం పెట్టాడు.
నారింజ కాగితం తనే ఒలిచాడు.
జిగురు మరకలు నాలుగు తలుపుకే ఉండిపోయాయి.

ఆ రాత్రి తడిబట్టల బుట్టతో పైకెక్కుతున్నాను.
ఏడు దాకా బాగానే వెళ్ళాను.
నా కాలికి ఏ జబ్బూ లేదు,
ఏ పుస్తకంలోనైనా ఇమిడే కాలు.
అయినా అది ముప్పై ఒక్క ఏళ్ళుగా
అక్కడికొచ్చేసరికి కాస్త తక్కువే లేవడం నేర్చుకుంది.
బొటనవేలు అంచుకి కొట్టుకుంది.
బుట్ట ఎగిరిపోయింది.
దుప్పట్లు, ఒక లోపావడా, ఆయన పాత పనిచొక్కా
మెట్టు మెట్టుకీ ఒకటి.

అక్కడే కూర్చున్నాను, వేలు పట్టుకుని.
సరిగ్గా ఉన్న మెట్టు మీద
ఫిర్యాదు ఎక్కడిస్తారు?
పక్కింటి తెర కొంచెం తొలిగింది.
ఆవిడ లైటు వేసింది,
నేను బట్టలు ఏరుకునే దాకా
ఆర్పలేదు.