వచ్చాడంటి

ఎర్రగుంట్ల దాటినాక, నాపరాళ్ల గని అంచున
రేకుల పంచలో కుళ్లాయమ్మ బండల లెక్క గీస్తోంది,
బొగ్గుముక్కతో, అయిదుకొక అడ్డగీత.
"దస్తగిరి ఉన్నాడా అమ్మా?"
"వచ్చాడు. కూకో."

కూర్చున్నాను.
వచ్చినవాడు ఏ బండ చాటున ఉన్నాడోనని
మెడ సాచి సాచి చూశాను.
సంచిలో నూటపన్నెండు వాక్యాల ప్రశ్నావళి.
పదోది: అతను నిన్న వచ్చాడు.
పదకొండు: అతను రేపు వస్తాడు.
మీ ఊళ్లో ఎట్లా అంటారు?

గంట గడిచింది. చెప్పుల మీద రాతిపొడి పేరుకుంది.
ఆఫీసు నుంచి ఫోను, "మీ మనిషి వచ్చాడా?"
"వచ్చాడండీ" అన్నాను, సిగ్గుపడి.

"వచ్చాడన్నారు కదమ్మా?"
కుళ్లాయమ్మ బొగ్గు ఆపలేదు.
"అవును, వచ్చాడంటి.
వచ్చినాడంటినా?"

పటం మీద సన్నగీత గీసి
అటు 'స్త', ఇటు 'చ్చ' అని రంగులద్దినదాన్ని,
ఆ గీత మీదే గంటసేపు కూర్చుని
గుర్తుపట్టలేకపోయాను.

ఇక్కడ 'స్త' అరిగి 'చ్చ' అయింది,
రేపటివాడు 'వచ్చాడు' అయ్యాడు.
నిన్నటివాడు మాత్రం నడిమి 'ఇన'ను
చంకనెత్తుకున్న బిడ్డలా వదల్లేదు.
మా తెనాలిలో ఆ 'ఇన' ఎప్పుడో జారిపోయింది.
అందుకేనేమో 'స్త'ను అంత భద్రంగా మోస్తాం.
లేక 'స్త' ఉందన్న ధీమాతోనే జారవిడిచామా?

మా సారంటారు: అన్ని యాసల కిందా ఒకటే నక్షా,
ఊరూరికీ తేడా ఒకటి రెండు మీటలే.
వెనక బెంచీ ఆయన లేచి, నక్షా లేదు గిక్షా లేదు,
చెవికి చిక్కుపడిన చోట నోరు సర్దుకుంటుందంతే, అంటాడు.
ఇద్దరికీ చప్పట్లు కొట్టినదాన్నే.

ఎదురుగా సున్నం లేకుండా పేర్చిన గోడ.
కింద ఒక పలక ఎప్పుడో జరిగింది,
పైది ఒరిగి పక్కదానికి ఆనుకుంది.
పక్కది ముందే చోటిచ్చిందో ఏమో.
గోడ నిలబడే ఉంది. దాని మీద ఎవరిదో టిఫిను డబ్బా.

అన్నట్టు, ఫోనులో నేనాడింది అబద్ధం కాదు.
కడప తెలుగులో నిజమే చెప్పాను.

పొద్దువాలి, ట్రాక్టరు చప్పుడు.
కుళ్లాయమ్మ తలెత్తి,
"వచ్చె" అంది.

పదో వాక్యం మీద పెన్ను ఆగింది.
వచ్చాడు కాదు, వచ్చినాడూ కాదు.
దస్తగిరో ట్రాక్టరో కూడా తేల్చని మాట.
నా పట్టికలో దానికి గడి లేదు.
అంచున, ఖాళీలో, రాసుకున్నాను.